మొదటి సెమీ ఆటో రైఫిల్ తక్కువలో ఏది కొనాలి? టెక్సస్ నుంచి నా జవాబు

బ్రదర్, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గ్రీన్ కార్డ్ వచ్చి ఆరు నెలలైంది, ఫ్రిస్కోలో ఇల్లు, ఇద్దరు చిన్న పిల్లలు, ఇంతవరకు తుపాకి చేత్తో పట్టుకోలేదు, మొత్తం బడ్జెట్ 600 డాలర్లు, మిలిటరీ తుపాకిలా కనిపించే ఏఆర్-15 రకం రైఫిళ్ళలో చవకలో మంచిది ఏదో చెప్పమన్నారు. ఆఫీసులో ఫ్రెండ్ ఏఆర్ తప్ప వేరేది వద్దన్నాడని కూడా రాశారు. నేను డల్లాస్ వైపు 2013 నుంచి షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నా, మన వాళ్ళు ఓ పది మందికి దగ్గరుండి మొదటి రైఫిల్ కొనిపించా, అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు జవాబు చెప్పేస్తా. ఏఆర్ ఇప్పుడు వద్దు. రూగర్ 10/22 కొనండి, .22 ఎల్ఆర్ అనే చిన్న బుల్లెట్ వాడేది. అది కూడా సెమీ ఆటోనే, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక బుల్లెట్ వెళ్ళి తర్వాతది దానంతట అదే బ్యారెల్ వెనక బుల్లెట్ పేలే చోటుకి, అంటే ఛాంబర్‌లోకి వస్తుంది, ఏఆర్ చేసేదీ అంతే. తేడా అంతా బుల్లెట్‌లో, దెబ్బలో, చప్పుడులో, అన్నిటికంటే ఎక్కువగా మీ జేబులో.

మీ 600తోనే లెక్క వేద్దాం. చవకలో దొరికే ఏఆర్ ఒకటి 550 అనుకోండి, మన దగ్గర సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం, అంటే 45 డాలర్లు, మొత్తం 595. ఇంక మీ దగ్గర మిగిలింది ఐదు డాలర్లు, చెవులకి మఫ్స్ లేవు, బుల్లెట్లు లేవు, పిల్లలున్న ఇంట్లో దాన్ని పెట్టి తాళం వేయడానికి బీరువా లేదు. అదే 10/22 అయితే మా వైపు షాపుల్లో 300 అటూ ఇటూ ఉంటుంది, ట్యాక్స్ ఇంకో 25, చెవులకీ కళ్ళకీ రక్షణ సామాను కలిపి 60, గోడకి బోల్ట్ వేసే చిన్న స్టీల్ క్యాబినెట్ 130, ఐదొందల బుల్లెట్లు ఓ 45, మొత్తం 560. సామాను అంతా ఇంటికొచ్చాక కూడా నలభై మిగిలాయి, రేంజ్ ఫీజుకి పనికొస్తాయి.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. ఈ మధ్య నేను కొంటున్న రేట్లలో .22 బుల్లెట్ ఎనిమిది సెంట్ల దగ్గర పడుతోంది, ఏఆర్‌లో వాడే 5.56 యాభై సెంట్ల దగ్గర. రేంజ్‌కి వెళ్తే 150 బుల్లెట్లు ఇట్టే అయిపోతాయి. నెలకి రెండుసార్లు వెళ్ళారనుకోండి, .22కి ఏడాదికి 288 డాలర్లు, 5.56కి 1800. ఈ 1500 తేడా ఎవరూ షాపులో చెప్పరు. అందుకే ఏఆర్ కొన్న మన వాళ్ళు చాలామంది మొదటి నెల రెండుసార్లు వెళ్తారు, తర్వాత దీపావళికి ఒకసారి, తర్వాత అది క్లోజెట్‌లో ఉంటుంది. రైఫిల్ కొన్నాక కాల్చడం రాకపోతే అది ఇంట్లో ఉండటం వల్ల ఉపయోగం లేదు, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తా. 2012 డిసెంబర్‌లో శాండీ హుక్ స్కూల్లో కాల్పుల ఘోరం జరిగింది, ఏఆర్‌లు బ్యాన్ చేస్తారని అందరూ షాపుల మీద పడ్డారు, నేను కూడా భయపడి జనవరిలో మామూలు రేటు కంటే బాగా ఎక్కువ పెట్టి ఒకటి కొన్నా. అప్పటికి నాకు తుపాకి అంటే ఇంటర్‌లో గుంటూరులో ఎన్‌సీసీ క్యాంపులో పడుకుని కాల్చిన ఐదు .22 బుల్లెట్లే. కొన్నాక చూస్తే బుల్లెట్లు దొరకవు, దొరికినా రేటు మండిపోతోంది, ఏడాదిలో నాలుగుసార్లు వెళ్ళా. యాభై గజాల్లో కాగితం మీద అన్నీ కిందకీ ఎడమకీ పడేవి, గురి చూసే సైట్ పాడైందనుకుని దాన్ని తిప్పుతూ కూర్చున్నా. ఒకరోజు పక్క లేన్‌లో ఉన్న పెద్దాయన, రిటైర్డ్ మనిషి, చూసి చూసి ‘నీ మ్యాగజైన్ నేను నింపి ఇస్తా’ అన్నాడు. మ్యాగజైన్ అంటే బుల్లెట్లు పెట్టే డబ్బీ. నింపేటప్పుడు మధ్యలో ఎక్కడో ఒక డమ్మీ బుల్లెట్ పెట్టాడు, నాకు చెప్పలేదు. మూడో నాలుగో నొక్కాను, క్లిక్ అంది, బుల్లెట్ వెళ్ళలేదు, కానీ బ్యారెల్ మూతి రెండంగుళాలు కిందకి పడిపోయింది. అంటే చప్పుడు రాకముందే నేను భయంతో భుజం ముందుకి తోస్తున్నా, దాన్నే ఫ్లించ్ అంటారు. సైట్‌లో ఏ తప్పూ లేదు. ఆయన తన .22 ఇచ్చి రెండు డబ్బాలు కాల్చమన్నాడు, అది పోగొట్టుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది. మొదటి రోజే పెద్ద చప్పుడుతో మొదలుపెడితే ఒంటికి ఆ భయం అలవాటైపోతుంది, తర్వాత వదిలించుకోవడం కష్టం. .22తో మొదలుపెడితే ఆ భయం పట్టుకోవడం చాలా తక్కువ.

రైఫిల్ సంగతి పూర్తిగా చెప్పేముందు వీసా విషయం చెప్పాలి, ఎందుకంటే మీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఫెడరల్ చట్టం ప్రకారం కొనచ్చు, కానీ ఇది చదివేవాళ్ళలో సగం మంది హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉంటారు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ నేరం, బుల్లెట్లకీ అదే రూలు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, ఎక్కువమంది వాడేది ఏదో ఒక స్టేట్ ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. చాలామందికి తెలియనిది ఏంటంటే రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చడం కూడా ‘దగ్గర ఉండటం’ కిందకే వస్తుంది, లాంగ్ వీకెండ్‌లో పది మంది స్టూడెంట్స్ కలిసి వెళ్ళి ఫొటోలు దిగి పెడుతుంటారు, చూస్తే నాకు గుండె దడ. గన్ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళని కూడా డిపోర్ట్ చేయచ్చు. హంటింగ్ లైసెన్స్ దారిలో వెళ్దామనుకునే వాళ్ళు, గ్రీన్ కార్డ్ దరఖాస్తు ఐ-485 పెండింగ్‌లో ఉన్నవాళ్ళు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఓ వంద రెండొందలు ఇచ్చి కనుక్కోండి, ఎవరో అన్నారని చెయ్యకండి.

మీ ఇంటికి కూడా ఇది వర్తిస్తుంది. ఇండియా నుంచి అమ్మా నాన్నా విజిటర్ వీసా మీద వస్తారు, నాన్నగారికి సరదాగా ఒకసారి కాల్పిద్దాం అనిపిస్తుంది. ఆయనకి కూడా అదే రూలు. క్యాబినెట్ తాళం వాళ్ళకి తెలియకూడదు, రేంజ్‌కి తీసుకెళ్తే వెనకాల అద్దం దగ్గర కూర్చోబెట్టండి.

ఇంకొకటి, రూమ్మేటో కొలీగో ‘డబ్బులు నేనిస్తా, నీ పేరు మీద కొను’ అంటే ఆ మాట అక్కడే ఆపేయండి. దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు, 2022లో వచ్చిన చట్టం తర్వాత దానికి 15 ఏళ్ళ దాకా జైలు పడచ్చు. షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనేది నువ్వేనా అనే ప్రశ్న ముందే ఉంటుంది, అక్కడ అబద్ధం రాసి సంతకం పెడితే అదొక నేరం.

ఇక 10/22. 1964 నుంచి తయారవుతోంది, డిజైన్ పెద్దగా మారలేదు, అమెరికాలో ఏ ఊళ్ళో ఏ గన్ షాపుకి వెళ్ళినా దాని మ్యాగజైన్, దాని స్ప్రింగు, దాని స్క్రూ దొరుకుతుంది. ఐదు పౌన్లు ఉంటుంది, మీ ఆవిడ కూడా హాయిగా పట్టుకోవచ్చు. దాని గొప్పంతా మ్యాగజైన్‌లో ఉంది. .22 బుల్లెట్‌కి అడుగున చుట్టూ ఒక అంచు ఉంటుంది, మన స్టీలు గిన్నె అంచులాగా. మామూలు నిలువు మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే పై దాని అంచు కింద దాని అంచు వెనక్కి పడి ఇరుక్కుంటుంది, బుల్లెట్ ముందుకి రాదు. రూగర్ వాళ్ళు పది బుల్లెట్లనీ గుండ్రంగా తిరిగే రోటర్‌లో విడివిడి గాడుల్లో పెట్టారు, ఒకదానికొకటి తగలవు, అందుకే ఇరుక్కోవడం చాలా తక్కువ. పైగా ఆ మ్యాగజైన్ రైఫిల్ అడుగుతో సమానంగా లోపలికి పోతుంది, బయటికి పొడుచుకు రాదు, బెంచ్ మీద పెట్టి కాల్చడానికి సుఖం. 25 బుల్లెట్ల పొడుగు మ్యాగజైన్లు కూడా అమ్ముతారు, ఇప్పుడు వాటి జోలికి వెళ్ళకండి. పది కాల్చి ఆగి, మ్యాగజైన్ తీసి, కాగితం చూసుకుని మళ్ళీ నింపుకోవడంలోనే నేర్చుకునేది ఉంది.

మోడల్స్ చాలా ఉంటాయి, షాపువాడు చెక్క స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉన్నది, స్టెయిన్‌లెస్‌ది, విడదీసి బ్యాగులో పెట్టుకునే టేక్‌డౌన్ చూపిస్తాడు. నల్ల ప్లాస్టిక్ స్టాక్‌తో వచ్చే మామూలు కార్బైన్, అంటే పొట్టి బ్యారెల్ రైఫిల్, తీసుకోండి, లోపల అన్నీ ఒకటే. కొనేముందు భుజానికి ఆనించి చూడండి, కళ్ళు మూసుకుని చెంప స్టాక్ మీద పెట్టి తర్వాత కళ్ళు తెరవండి, సైట్ కంటికి ఎదురుగా కనిపిస్తే సరిపోయినట్టు, మెడ చాచాల్సి వస్తే స్టాక్ పొడుగు మీకు నప్పలేదు. చేతికి తీసుకునే ముందు బోల్ట్ (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే ఇనుప ముక్క) వెనక్కి లాగి ఖాళీగా ఉందని చూపించమని అడగండి, మీరు కూడా కంటితో చూడండి, షాపువాడు ఏమీ అనుకోడు, నిజానికి అలా అడిగితేనే మీ మీద నమ్మకం కుదురుతుంది. ఒక చిన్న చిక్కు ఏంటంటే 10/22లో బోల్ట్‌ని వెనక్కి లాగి నిలబెట్టే మీట ట్రిగ్గర్ గార్డ్ ముందు ఉంటుంది, కొత్తవాళ్ళకి చెయ్యి తిరగడానికి కాస్త టైం పడుతుంది. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో ఇరవైసార్లు చెయ్యండి, వచ్చేస్తుంది.

స్కోప్ ఇప్పుడే కొనకండి. దాంతో వచ్చే ఇనుప సైట్లతో ఓ వెయ్యి బుల్లెట్లు కాల్చండి, 25 గజాల్లో కాగితం మీద పది బుల్లెట్లూ టీ కప్పు సాసర్ అంత చోటులో పడుతున్నప్పుడు స్కోప్ సంగతి ఆలోచిద్దాం. బుల్లెట్లకి మాత్రం కక్కుర్తి పడకండి, మొదటి రెండు డబ్బాలు సీసీఐ మినీ మ్యాగ్ లాంటి వేగం ఎక్కువ ఉండేవి తీసుకోండి, గుండు బరువు 40 గ్రెయిన్లు అని ఉన్నది. సెమీ ఆటో .22కి బోల్ట్ వెనక్కి వెళ్ళాలంటే ఆ తోపు కావాలి, సబ్‌సోనిక్ అని రాసి ఉన్న మెల్లగా పోయే రకం పెడితే కొన్నిట్లో సగంలో ఆగిపోతుంది, మీరేమో రైఫిల్ పాడైందనుకుంటారు. తర్వాత రెండు మూడు రకాల బల్క్ డబ్బాలు చిన్నవి కొని చూడండి, ఏది మీ రైఫిల్‌కి పడుతుందో అదే పెద్ద డబ్బా కొనుక్కోండి. ఒకే మోడల్ రెండు రైఫిళ్ళు కూడా ఒకే బుల్లెట్‌ని ఇష్టపడవు.

10/22 దొరక్కపోతే? సావేజ్ 64 ఇంకా చవక, రెండొందల దగ్గర వస్తుంది, కాల్పు సూటిగానే ఉంటుంది, మ్యాగజైన్లు రూగర్‌వి అంత గట్టివి కావు. పాతవాటిలో మార్లిన్ మోడల్ 60 మంచిది, 1960లో వచ్చింది, బ్యారెల్ కింద గొట్టంలో బుల్లెట్లు నింపాలి, ఇప్పుడు తయారు చేయట్లేదు, తాతల కాలం నాటివి పాన్ షాపుల్లో కనిపిస్తుంటాయి. పాన్ షాపంటే మన తాకట్టు కొట్టు లాంటిది, కిళ్ళీ కొట్టు కాదు, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నా. పాతది కొంటే మూతి దగ్గర లైటు పెట్టి లోపలి గాడుల గీతలు స్పష్టంగా ఉన్నాయో, తుప్పు పట్టిందో చూడండి, మూతి అంచుకి దెబ్బ తగిలి ఉంటే వద్దు. స్మిత్ అండ్ వెసన్ (ఎస్ అండ్ డబ్ల్యూ) వాళ్ళ ఎం అండ్ పీ 15-22 అని ఒకటుంది, చూడటానికి, పట్టుకోవడానికి, సేఫ్టీ, మ్యాగజైన్ బటన్ అన్నీ ఏఆర్‌లాగే ఉంటాయి, బుల్లెట్ మాత్రం .22. నాలుగొందల పైన అవుతుంది. రెండేళ్ళ తర్వాత ఏఆర్ కొనడం ఖాయం అనుకుంటే ఇది తీసుకోవడం తెలివైన పనే, చేతులకి అలవాటైపోతుంది.

లేదు, ఏఆరే కావాలి అంటారా, సరే, మీ డబ్బు మీ ఇష్టం, కానీ తెలిసి కొనండి. ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ అనుకుంటారు, కాదు, ఆర్మలైట్ అనే కంపెనీ పేరు, యూజీన్ స్టోనర్ 1950లలో చేసిన డిజైన్, 1959లో కోల్ట్ కంపెనీకి అమ్మేశారు. ఇప్పుడు ఎవరైనా చేస్తారు కాబట్టే ఇన్ని బ్రాండ్లు, ఇన్ని రేట్లు. తక్కువ రేంజ్‌లో నేను ధైర్యంగా చెప్పేవి ఎస్ అండ్ డబ్ల్యూ వాళ్ళ స్పోర్ట్, రూగర్ ఏఆర్-556, సౌత్ కరోలినా పామెటో స్టేట్ ఆర్మరీ వాళ్ళవి. బ్యారెల్ మీద ఏం రాసి ఉందో చదవండి, 5.56 ఛాంబర్ అయితే అదే సైజులో ఉండే .223 బుల్లెట్ కూడా వేయచ్చు, .223 అని మాత్రమే ఉంటే 5.56 వేయకూడదు, ప్రెషర్ ఎక్కువ. బ్యారెల్ 16 అంగుళాలకి తగ్గకూడదు, తగ్గితే అది వేరే ఫెడరల్ చట్టం కిందకి పోతుంది, కొత్తవాళ్ళకి అనవసరం. షాపులో బోల్ట్ క్యారియర్ బయటికి తీసి చూపించమనండి, పైన చిన్న గొట్టం లాంటి ముక్క ఉంటుంది, దాని రెండు స్క్రూల పక్కన లోహాన్ని ఉలితో కొట్టి స్క్రూ కదలకుండా నొక్కినట్టు గుర్తులుండాలి, దాన్ని స్టేకింగ్ అంటారు. నా రెండో ఏఆర్, బ్రాండ్ పేరు చెప్పను, చవకగా వచ్చిందని కొన్నది, దానికి ఆ గుర్తు పేరుకే ఉంది, మూడొందల బుల్లెట్లకి స్క్రూ వదులై బోల్ట్‌ని వెనక్కి తోసే గ్యాస్ కారిపోయి ప్రతి బుల్లెట్‌కీ చేత్తో లాగాల్సి వచ్చింది. యాభై డాలర్లు మిగిలాయనుకున్నా, రెండు శనివారాలు పోయాయి. ఇంకా ఇండోర్ రేంజుల్లో చాలాచోట్ల బుల్లెట్‌కి అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకుంటే లోపలికి రానివ్వరు, చవకగా వచ్చే స్టీల్ రకాలు కొని తీసుకెళ్తే అక్కడ వాళ్ళ దగ్గరే రెట్టింపు రేటుకి కొనాల్సి వస్తుంది. ఇండోర్‌లో ఏఆర్ చప్పుడుకి చెవుల్లో ప్లగ్స్, పైన మఫ్స్ రెండూ పెట్టాలి, ఒక్కటి చాలదు.

వేరే స్టేట్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట, నేను చెప్పేది టెక్సస్ లెక్క. న్యూజెర్సీలో ముందు పోలీసుల దగ్గర ఐడీ కార్డ్ తీసుకోవాలి, ఇల్లినాయ్‌లో తుపాకి ఉంచుకోవడానికి ఫోయిడ్ అనే కార్డ్ కావాలి, పైగా 2023 నుంచి ఏఆర్ రకాలు కొత్తగా అమ్మడానికి లేదు, వాషింగ్టన్‌లో కూడా 2023 నుంచి అంతే, కాలిఫోర్నియాలో కొన్నాక పది రోజులు ఆగాలి, న్యూయార్క్‌లో సెమీ ఆటో రైఫిల్‌కి 2022 నుంచి లైసెన్స్ అవసరం. ఎడిసన్‌లో, నేపర్‌విల్‌లో, శాన్ హోసేలో ఉన్నవాళ్ళు నా మాటలు నమ్మి ఆర్డర్ పెట్టకండి, మీ ఊరి షాపులో అడగండి.

కొనే రోజు పెద్ద హడావుడి ఏమీ ఉండదు. టెక్సస్ డ్రైవర్ లైసెన్స్, గ్రీన్ కార్డ్ రెండూ తీసుకెళ్ళండి. మన వాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది అడ్రస్ దగ్గర, కొత్త ఇల్లు కొని మారతారు, లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ అలాగే ఉంటుంది, ముందే మార్పించుకోండి. రెండోది పేరు, ఇంటిపేరు ముందూ వెనకా అయ్యి ఒక కార్డ్ మీద ఒకలా ఇంకోదాని మీద ఇంకోలా ఉంటే చెకింగ్ ఆగుతుంది. ఫారం నింపాక షాపువాడు ఎఫ్‌బీఐ వాళ్ళ నిక్స్ అనే బ్యాక్‌గ్రౌండ్ చెక్ సిస్టంలో చెక్ చేస్తాడు, ఐదు నిమిషాల్లో ప్రొసీడ్ అని రావచ్చు, డిలే అని కూడా రావచ్చు. డిలే వస్తే కంగారు పడకండి, మీ మీద అనుమానం అని కాదు, రెడ్డి, రావు లాంటి పేర్లు ఎంతమందికి ఉంటాయో మీకు తెలుసు కదా. ప్రతిసారీ అలాగే అవుతుంటే ఎఫ్‌బీఐకి అప్లై చేసుకుంటే ఒక యూపిన్ నంబర్ ఇస్తారు, తర్వాత నుంచి ఫారంలో అది వేస్తే చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మీ పిల్లలకి నాలుగు, ఏడు అని రాశారు. టెక్సస్‌లో జాగ్రత్త లేకుండా పెట్టిన లోడ్ చేసిన తుపాకి 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందితే అది పెట్టినవాళ్ళ నేరం, కానీ చట్టం సంగతి పక్కన పెట్టండి. మీరు రీల్ తుపాకులతో, టపాకాయలతో పెరిగారు, నేనూ అంతే, పిల్లాడికి తుపాకి కనిపిస్తే ముట్టుకోకుండా ఉండడు, మంచి పిల్లాడైనా ఉండడు. క్లోజెట్ పై అరలో పెడితే అందదు అనుకోకండి, ఏడేళ్ళ పిల్లకి కుర్చీ లాక్కోవడం వచ్చు. రైఫిల్ ఇంటికి వచ్చే ముందే క్యాబినెట్ గోడలో చెక్క స్టడ్‌కి బోల్ట్ వేసి ఉండాలి. రైఫిల్ ఖాళీగా, బోల్ట్ తెరిచి, డబ్బాతో వచ్చే కేబుల్ లాక్ అందులోంచి దూర్చి పెట్టండి. బుల్లెట్లు వేరే తాళంలో, వేరే గదిలో. కోడ్ నంబరు పిల్లల పుట్టినరోజు పెట్టకండి. ఇంట్లో ఎవరైనా మనసు బాగోక కుంగిపోయి ఉంటే, అది మీరైనా సరే, కొన్నాళ్ళు కొనడం వాయిదా వేయండి, కొనేసి ఉంటే కుదురుకునే దాకా ఎక్కడైనా భద్రపరచండి, ఈ మాట మాత్రం నేను బతిమాలి చెప్తున్నా.

ఫ్రెండ్ ఏఆర్ అనడానికి కారణం ఇంట్లో బంగారానికి దొంగల భయం అని రాశారు. ఆ భయం అబద్ధం కాదు, ఇండియన్, ఆసియా కుటుంబాల ఇళ్ళు ఏరుకుని టెక్సస్ దాకా దోచిన ముఠా కేసు 2019లో డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో తేలింది. కానీ దొంగలు ఎక్కువగా వచ్చేది మనం ఆఫీసులో, గుడిలో, పెళ్ళిలో ఉన్నప్పుడు. అప్పుడు రైఫిల్ ఏం చేస్తుంది, బంగారంతో పాటు అదీ పోతుంది. నగలు బ్యాంకు లాకర్‌లో పెట్టండి, వెనక తలుపుకి మంచి లాక్ వేయండి, గ్యారేజీ రిమోట్ కారులో వదలకండి. పైగా మన ఇళ్ళ గోడలు షీట్‌రాక్, అంటే అట్ట లాంటిది, రైఫిల్ బుల్లెట్ రెండు గోడలు దాటి పిల్లల గదిలోకి పోగలదు. ఇంటి రక్షణకే కావాలంటే అది వేరే చర్చ, వేరే ట్రైనింగ్, మొదటి రైఫిల్‌తో దాన్ని కలపకండి.

కొనేముందు ఒక శనివారం పొద్దున్నే రేంజ్‌కి వెళ్ళండి, పదకొండు దాటితే పక్క లేన్లలో పెద్ద తుపాకుల మోతకి మీకు ఏమీ వినపడదు. కొత్త అని చెప్పి 10/22 అద్దెకి అడగండి, రేంజ్ ఆఫీసర్ దగ్గరుండి చూపిస్తాడు. ఖాళీ అయినా నిండినట్టే చూడాలి, మూతి ఎప్పుడూ ముందుకే, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు, గురి వెనకాల ఏముందో తెలియాలి, ఈ నాలుగూ వాళ్ళు చెప్తారు, మీరు ఇంట్లో నోటికి వచ్చేలా అనుకుని వెళ్ళండి. .22 అంటే ఆటబొమ్మ అనుకునేవాళ్ళున్నారు, డబ్బా మీద చదవండి, మైలు పైన దూరం పోతుందని హెచ్చరిక ఉంటుంది. మెడ మూసి ఉండే చొక్కా వేసుకోండి, ఖాళీ తూటాలు వేడివేడిగా ఎగిరి కాలర్‌లో పడతాయి, అప్పుడు చేతిలో రైఫిల్ ఉందన్న సంగతి మర్చిపోయి గెంతుతారు, ప్రమాదాలు అక్కడే జరుగుతాయి. పడితే పడనివ్వండి, కాలితే కాలనివ్వండి, ముందు రైఫిల్ కింద పెట్టండి. అయిపోయాక చేతులూ ముఖం సబ్బుతో కడుక్కుని, ఇంటికి వెళ్ళి చొక్కా మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి, బుల్లెట్లలో, ఆ పొగలో సీసం ఉంటుంది, చిన్నపిల్లలకి మంచిది కాదు.

రైఫిల్ వచ్చి ఒక నెల అయ్యాక ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ అని వెతకండి, దేశమంతా శని ఆదివారాలు నడిచే శిక్షణ, నేర్పించేవాళ్ళు వాలంటీర్లు. 25 మీటర్లలోనే కాగితం పెడతారు, కానీ బొమ్మలు చిన్నవి చేస్తూ పోతారు, 400 గజాల దూరంలో మనిషంత బొమ్మ ఎంత కనిపిస్తుందో అంతకి. నిలబడి, కూర్చుని, పడుకుని కాల్చాలి, మధ్యలో 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో ఏం జరిగిందో కథగా చెప్తారు, సిటిజన్‌షిప్ పరీక్షకి చదువుకున్న దానికంటే బాగా గుర్తుండిపోతుంది. 250కి 210 వస్తే రైఫిల్‌మన్ ప్యాచ్ ఇస్తారు. సగం మంది చేతుల్లో ఉండేది 10/22నే. నాకు మొదటిసారి 164 వచ్చింది, మూడోసారికి గానీ ప్యాచ్ రాలేదు, ఆ రోజు పడుకుని తోలుపట్టీ మోచేతికి బిగించి, ఊపిరి వదిలి ఆపినప్పుడు సైట్ కదలకుండా నిలబడింది, అది ఎలా ఉంటుందో రాసి చెప్పలేను.

చివరగా ఒకటి, ఇది ఎవరూ చెప్పరు. రేంజ్‌కి ఒక బ్యాగ్ విడిగా పెట్టుకోండి, ఎర్రదో ఆకుపచ్చదో, ఇంట్లో ఇంకేదానికీ వాడకండి. మన వాళ్ళు అదే బ్యాక్‌ప్యాక్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇండియా ఫ్లైట్ ఎక్కుతారు, మూల కుట్టు దగ్గర ఒక్క .22 బుల్లెట్ ఉండిపోయినా శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్ట్, కోర్టు, సెలవంతా పోతుంది. జేబుల్లో కూడా చూసుకోండి, జాకెట్ లోపలి జేబు మరీ ముఖ్యంగా. అద్దె రైఫిల్‌తో కాల్చి వచ్చాక కాగితం ఫొటో పెట్టండి, బుల్లెట్లు ఎటు పడుతున్నాయో చూసి ఎక్కడ తప్పో చెప్తా.